బంధం తెలిస్తే బస్తా తెలుస్తుంది

(రైతు సంఘం శిక్షణా తరగతుల్లో అధ్యయన బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

నిన్న ఈ తరగతుల్లో మద్దతు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి, బ్యాంకు రుణాల గురించి మాట్లాడుకున్నాం. ఈ పూట రసాయన శాస్త్రం అనేసరికి ఇది మన సంఘానికి సంబంధించిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉంది. సాగు ఖర్చులో పెద్ద భాగం ఎరువుల దుకాణంలోనే పోతోంది. ఆ దుకాణంలో ఒక సీసా మీద ‘ఆర్గానిక్’ అని, ఇంకో సీసా మీద ‘బయో’ అని, మరో దాని మీద ‘నానో’ అని రాసి ఉంటుంది. లోపల ఏముందని అడిగితే జవాబు రాదు. అడగాల్సిన ప్రశ్న ఏమిటో మనకు తెలియనంత కాలం ఆ జవాబు రానే రాదు.

కనుక ఈ పూట పైరులోనూ, పశువులోనూ, మనిషిలోనూ ఉండే పదార్థాలు ఎలా కట్టుబడి ఉన్నాయో తెలుసుకుందాం. ఫార్ములాలు బట్టీ పట్టనక్కరలేదు. ప్రతి పదార్థం దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇందులో ఏ బంధం ఉంది? దాన్ని ఎవరు కట్టారు, ఎవరు తెంచారు? ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడింది?

పరమాణువుల చేతులు

పదార్థమంతా పరమాణువులతో ఏర్పడింది. ఒక్కో రకం పరమాణువుకు ఇన్ని చేతులు అని లెక్క ఉంటుందనుకుందాం. హైడ్రోజన్‌కు ఒకటి, ఆక్సిజన్‌కు రెండు, నత్రజనికి మూడు, కర్బనానికి నాలుగు. రెండు పరమాణువులు చెరొక ఎలక్ట్రాన్ పెట్టి ఆ జతను ఉమ్మడిగా వాడుకుంటే దాన్ని సమయోజనీయ బంధం అంటారు. చేతులు కలపడం అంటే ఇదే. రెండు చేతులు కలిస్తే రెట్టింపు బంధం, మూడు కలిస్తే త్రిబంధం.

జీవ పదార్థానికి కర్బనమే వెన్నెముక కావడానికి ఈ నాలుగు చేతులే కారణం. కర్బనం కర్బనంతోనే చేయి కలిపి పొడవాటి గొలుసు కట్టగలదు, కొమ్మలు వేయగలదు, ఉంగరంలా చుట్టుకోగలదు. మిగిలిన చేతులతో హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను, నత్రజనిని పట్టుకుంటుంది. బియ్యంలోని పిండి, వేరుశనగలోని నూనె, కందిలోని మాంసకృత్తులు, పత్తిలోని నార ఇలా కట్టినవే.

రెండో రకం అయానిక బంధం. ఇందులో ఉమ్మడి వాడకం లేదు. ఒకటి ఎలక్ట్రాన్‌ను వదులుకుని ధనావేశం పొందుతుంది, ఇంకొకటి తీసుకుని ఋణావేశం పొందుతుంది. ఆ రెండూ ఆకర్షించుకుంటాయి. మనం వేసే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, అంటే పొటాషియం క్లోరైడ్, ఇటువంటిదే. నీళ్లలో పడగానే రెండూ విడిపోతాయి. మన నేలలోని బంక మట్టి రేణువుల మీద ఎక్కువగా ఋణావేశం ఉంటుంది. అందుకే ధనావేశం ఉన్న పొటాషియంను, అమ్మోనియంను మట్టి పట్టి ఉంచుతుంది. నైట్రేట్ మీద ఋణావేశం ఉంటుంది కనుక మట్టి దాన్ని పట్టుకోదు. పెద్ద వాన పడితే నీటితో పాటు కిందికి దిగిపోతుంది. బంక తక్కువగా ఉండే ఇసుక నేలలో ఎరువు నిలవదని పెద్దలు అనే మాటకు కారణం ఇదే.

మూడోది హైడ్రోజన్ బంధం. ఇది బలహీనమైనది. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టి ఉంచేది ఇదే. వేరు పీల్చిన నీరు తాటిచెట్టు మొవ్వు దాకా తెగని ధారలా ఎక్కడానికీ, డీఎన్ఏలోని రెండు పోగులు కలిసి ఉండడానికీ ఈ బంధాలే ఆధారం. ఒక్కొక్కటి సులువుగా తెగుతుంది, లక్షల్లో ఉంటే గట్టిగా నిలుస్తాయి. సంఘంలో ఉన్న వాళ్లకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు.

తొలి ‘ఆర్గానిక్’ యూరియాయే

‘ఆర్గానిక్’ అనే మాటతో మొదలుపెడదాం. రసాయన శాస్త్రంలో ఆ మాటకు కర్బనంతో కట్టిన పదార్థం అని అర్థం. దుకాణంలో ఫ్యాక్టరీలో తయారు కానిది అనే అర్థంలో వాడుతున్నారు. రెండూ ఒకటి కావు.

రెండు వందల ఏళ్ల కిందట ఐరోపా శాస్త్రవేత్తలు కూడా జీవుల్లో తయారయ్యే పదార్థాలను మనిషి చేయలేడని, వాటికేదో ప్రాణశక్తి కావాలని నమ్మేవారు. 1828లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ అమ్మోనియం సయనేట్ అనే లవణాన్ని వేడి చేస్తే తెల్లటి పలుకులు వచ్చాయి. పరీక్షించి చూస్తే అది యూరియా. మనుషుల మూత్రంలో, పశువుల మూత్రంలో ఉండే అదే పదార్థం. ప్రాణశక్తి సిద్ధాంతానికి అక్కడ పెద్ద దెబ్బ తగిలింది. కర్బన రసాయన శాస్త్ర చరిత్ర చెప్పేటప్పుడు ఈ ప్రయోగంతోనే మొదలుపెడతారు.

యూరియా అణువులో మధ్యన ఒక కర్బనం ఉంటుంది. అది రెండు చేతులతో ఒక ఆక్సిజన్‌ను, మిగిలిన రెండు చేతులతో రెండు నత్రజనులను పట్టుకుంటుంది. ఒక్కో నత్రజనికి రెండేసి హైడ్రోజన్లు. బరువు లెక్క వేస్తే 60 పాళ్లలో 28 పాళ్లు నత్రజని. బస్తా మీద 46 శాతం అని వేసేది ఇందుకే. 45 కిలోల బస్తాలో 20 కిలోల 700 గ్రాముల నత్రజని ఉంటుంది.

పశువు మూత్రంలోని యూరియాకు, ఫ్యాక్టరీ యూరియాకు అణువులో తేడా లేదు. నత్రజనిని వేరు ఎక్కువగా అమ్మోనియంగా, నైట్రేట్‌గా తీసుకుంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో వేరు చూడదు. తేడా వేరే చోట ఉంది. పశువుల ఎరువులో నత్రజనితో పాటు బోలెడంత కర్బనం, ఇతర పోషకాలు ఉంటాయి. ఆ కర్బనమే నేలలోని సూక్ష్మజీవులకు తిండి. మట్టి గుల్లగా ఉండడానికి, తేమ నిలవడానికి అదే ఆధారం. బస్తా యూరియాలో ఆ తిండి లేదు. కాబట్టి యూరియా విషమని, పేడ అమృతమని తేల్చేయడమూ తప్పే, బస్తా ఉంటే పెంటకుప్ప అక్కరలేదనడమూ తప్పే.

గాలి నిండా నత్రజని, పైరుకు కరువు

గాలిలో 78 శాతం నత్రజని. ఒక ఎకరం నేల మీద ఆకాశం దాకా ఉన్న గాలిని తూకం వేయగలిగితే అందులో నత్రజనే 30 వేల టన్నులకు పైగా తేలుతుంది. ఆ ఎకరంలోని వరి మాత్రం నత్రజని చాలక పసుపెక్కుతుంది. ఎందుకని?

గాలిలోని నత్రజని జంటగా ఉంటుంది. ఒక నత్రజని తన మూడు చేతులతోనూ ఇంకొక నత్రజనిని పట్టుకుని ఉంటుంది. ప్రకృతిలోని గట్టి బంధాల్లో ఈ త్రిబంధం ఒకటి. ఆక్సిజన్ జంటను విడదీయడానికి 498 పాళ్ల శక్తి కావాలనుకుంటే, నత్రజని జంటకు 945 పాళ్లు కావాలి. మొక్కకు ఆ పని చేతకాదు.

ఆ పని ప్రకృతిలో ప్రధానంగా చేసేవి కొన్ని సూక్ష్మజీవులు. మన కంది, పెసర, మినుము, శనగ, వేరుశనగ వేళ్ల మీది బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా వాటిలో ఒకటి. ఇనుము, మాలిబ్డినం ఉన్న ఒక ఎంజైమ్‌తో అది మామూలు వేడిలో, మామూలు పీడనంలో త్రిబంధాన్ని తెంచి అమ్మోనియా చేస్తుంది. మొక్క పీకి బుడిపెను గిల్లి చూస్తే లోపల గులాబీ రంగు ఉండాలి. అలా ఉంటే పని జరుగుతున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేనట్టు. బ్యాక్టీరియా ఇది ఉచితంగా చేయదు. ఎండలో ఆకు చేసిన చక్కెరలో కొంత దానికి కూలిగా పోతుంది.

మనిషి ఈ బంధాన్ని తెంచింది ఇరవయ్యో శతాబ్దంలో. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో చేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో ఓపావులో కర్మాగారం మొదలైంది. ఇనుము ఉత్ప్రేరకంగా, 400 నుంచి 500 డిగ్రీల వేడిలో, వాతావరణ పీడనానికి వంద రెట్లకు మించిన పీడనంలో నత్రజనినీ హైడ్రోజన్‌నూ కలిపితే అమ్మోనియా వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ దీన్ని పేలుడు పదార్థాలకూ వాడుకుంది. ఈనాడు ప్రపంచ జనాభాలో సుమారు సగం మంది తిండి ఈ పద్ధతి మీదే ఆధారపడి ఉందని శాస్త్రవేత్తల అంచనా.

మూడో ప్రశ్నకు వద్దాం. ఖర్చు ఎవరిది? నత్రజని గాలి నుంచి ఉచితంగానే వస్తుంది. హైడ్రోజన్‌కూ, వేడికీ మన దేశంలో ప్రధానంగా సహజ వాయువే దిక్కు. రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో గ్యాస్ ఆధారంగా కట్టిన కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా పోయాయి. దేశానికి కావలసిన గ్యాస్‌లో దాదాపు సగం దిగుమతే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి గ్యాస్ ధర పెరిగితే ప్రపంచమంతటా ఎరువుల ధరలు పెరిగాయి. త్రిబంధాన్ని తెంచే ఇంధనం ఎవరి చేతిలో ఉంటే మన బస్తా వాళ్ల చేతిలో ఉన్నట్టు. బస్తా 266 రూపాయల 50 పైసలకు వస్తున్నదంటే మిగతా ఖర్చు సబ్సిడీ భరిస్తోంది. అందుకే సబ్సిడీలో కోత అన్న మాట వినగానే మనం మేలుకోవాలి.

చల్లిన యూరియా ఎక్కడికి పోతుంది

ఇంత ఖర్చుతో కట్టిన అణువు మన పొలంలో ఏమవుతుందో చూడాలి. నేలలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. 1926లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ సమ్నర్ ఒక రకం చిక్కుడు గింజల నుంచి దీన్ని పలుకులుగా విడదీశాడు. ఎంజైమ్ అనేది మాంసకృత్తేనని అలా తేలింది. ఈ యూరియేజ్ కర్బనానికీ నత్రజనికీ మధ్య ఉన్న బంధాన్ని తెంచుతుంది. అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు వస్తాయి. తడి నేల పైనే యూరియా పడి ఉంటే ఆ అమ్మోనియాలో కొంత గాలిలోకి లేచిపోతుంది. లోపలికి దిగితే అమ్మోనియంగా మారి మట్టిని అంటిపెట్టుకుంటుంది.

అందుకే వరిలో నిలవ నీళ్లలో యూరియా చల్లవద్దని చెబుతారు. నీరు తీసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు కట్టాలి. మెట్ట పైరులో మొదళ్ల దగ్గర వేసి మట్టి కప్పాలి. నేలలోని మరో రకం బ్యాక్టీరియా అమ్మోనియంను నైట్రేట్‌గా మారుస్తుంది. మట్టి నైట్రేట్‌ను పట్టుకోదని ఇందాక చెప్పుకున్నాం. యూరియాకు వేప నూనె పూత వేసేది ఈ రెండో మార్పును నెమ్మదింపజేయడానికే. 2015 నుంచి మన దేశంలో యూరియా అంతటికీ వేప పూత తప్పనిసరి అయింది. పూత ఉన్నంత మాత్రాన పైపైన చల్లిన యూరియా గాలిలోకి పోకుండా ఆగదు. ఆ జాగ్రత్త మనదే.

పరమాణువు ఊడిపడదు

పైరు నత్రజనిని తీసుకుని అమైనో ఆమ్లాలు చేస్తుంది. ఒక అమైనో ఆమ్లంలోని కర్బనం పక్కదాని నత్రజనితో చేయి కలిపితే దాన్ని పెప్టైడ్ బంధం అంటారు. అలా 20 రకాల అమైనో ఆమ్లాలు వందల సంఖ్యలో దండలా గుచ్చుకుంటే ఒక మాంసకృత్తు. ఎండతో ఆకులో చక్కెర తయారవడానికి కావలసిన ఎంజైములు కూడా మాంసకృత్తులే. నత్రజని చాలనప్పుడు మొక్క పాత ఆకుల్లోని మాంసకృత్తులను విడగొట్టి కొత్త ఆకులకు పంపుతుంది. అందుకే పసుపు రంగు ముందు కింది ఆకుల్లో కనిపిస్తుంది.

మాంసకృత్తుల బరువులో సుమారు 16 శాతం నత్రజని. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే దుకాణంలో చెప్పే చాలా మాటలను తూచవచ్చు. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండాయనుకుందాం. గింజలో 7 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుంటే 175 కిలోల మాంసకృత్తులు. అంటే గింజలోనే 28 కిలోల నత్రజని. గడ్డిలో ఉన్నది అదనం. ఇది నేల నుంచో, నీటి నుంచో, పేడ నుంచో, బస్తా నుంచో రావలసిందే.

ఇప్పుడు నానో యూరియా సీసా తీసుకోండి. మొదట వచ్చిన అర లీటరు సీసాలో నత్రజని 4 శాతం. అంటే 20 గ్రాములు. అర లీటరు సీసా ఒక బస్తా యూరియాకు బదులు అని ప్రచారం చేశారు. బస్తాలో ఉన్నది 20 కిలోల 700 గ్రాములు. సీసాలోది ఒక్క చుక్క వృథా కాకుండా ఆకులోకి పోయినా 20 గ్రాముల నత్రజనితో 125 గ్రాముల మాంసకృత్తులు తయారవుతాయి. తర్వాత 20 శాతం సీసా వచ్చింది. అందులో 100 గ్రాములు ఉంటుంది. దానితో 625 గ్రాములు. ఆకు మీద పిచికారీ చేసినది నేల మీద చల్లినదాని కన్నా తక్కువ వృథా అవుతుందనేది నిజమే. నేలలో వేసిన దానిలో సగానికి మించి పోయిందనుకున్నా పైరుకు కిలోల్లో మిగులుతుంది. గ్రాములు కిలోల పని చేయలేవు. రసాయన చర్యలో పరమాణువు పుట్టదు, గిట్టదు. యూరియా కావాలంటే సీసా కూడా కొనాల్సిందే అని అంటగట్టే చోట ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

బియ్యం, గడ్డి: ఒకే ఇటుక, వేరు కట్టుబడి

బియ్యంలోని పిండి పదార్థం, వరిగడ్డిలోని సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్ అనే ఒకే చక్కెరతో కట్టినవి. మనం బియ్యం తిని అరిగించుకోగలం, గడ్డి తిని అరిగించుకోలేం. తేడా అంతా గ్లూకోజ్‌కు గ్లూకోజ్‌కు మధ్య బంధం ఏ వైపు తిరిగి ఉందన్న దానిలోనే ఉంది. పిండిలో ఒక వైపు తిరిగి గొలుసు మెలికలు పడుతుంది. సెల్యులోజ్‌లో రెండో వైపు తిరిగి గొలుసు నిటారుగా సాగి, పక్క గొలుసులతో హైడ్రోజన్ బంధాలు వేసుకుని మోకులా బిగుస్తుంది. ఆ రెండో బంధాన్ని తెంచే ఎంజైమ్ మన కడుపులో లేదు. పశువుకూ స్వతహాగా లేదు. దాని పెద్ద పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులకు ఉంది. అవి తెంచిపెడితే పశువు బతుకుతుంది, మనకు పాలు వస్తాయి.

గడ్డిలో సెల్యులోజ్‌ను లిగ్నిన్ అనే గట్టి పదార్థం చుట్టుకుని ఉంటుంది. 100 కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే అమ్మోనియా పుట్టి ఆ చుట్టును సడలిస్తుంది. గడ్డి మెత్తబడి బాగా అరుగుతుంది, మాంసకృత్తుల విలువ కూడా పెరుగుతుంది. సుపోషక గడ్డి అని పశువైద్యులు చెప్పేది ఇదే. వాడే ముందు కాసేపు ఆరబెట్టాలి. మొదట కొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్లను పశువు నేరుగా తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

గడ్డిని పొలంలో కలిపేటప్పుడు కూడా ఈ లెక్క పనికొస్తుంది. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి సుమారు 70 పాళ్లు కర్బనం ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల ఒంటిలో ఒక పాలు నత్రజనికి 8 పాళ్ల కర్బనమే ఉంటుంది. చాలని నత్రజనిని అవి నేల నుంచి లాక్కుంటాయి. గడ్డి కలిపిన వెంటనే నాటు వేస్తే పైరు పసుపెక్కేది ఇందుకే. నాటుకు కొన్ని వారాల ముందే కలియదున్ని తడి పెట్టాలి. లేదా దున్నేటప్పుడు కొంత నత్రజని ఇవ్వాలి. జీలుగ, జనుము, పిల్లిపెసరలో నత్రజని పాలు ఎక్కువ కనుక పూత దశలో దున్నితే త్వరగా కుళ్లి పైరుకు అందుతుంది.

టన్ను వరిగడ్డిలో సుమారు 400 కిలోల కర్బనం, 5, 6 కిలోల నత్రజని ఉంటాయి. తగలబెడితే ఆ కర్బనమూ, నత్రజనీ దాదాపుగా గాలిలో కలిసిపోతాయి. కోత యంత్రం వచ్చాక గడ్డి ఏరడానికి కూలీలు లేరు, రెండో పంటకు వ్యవధి లేదు. రైతు సరదాకు నిప్పు పెట్టడం లేదు. జరిమానాలతో ఇది ఆగదు. గడ్డి మోపులు కట్టే యంత్రాలను సహకార సంఘాల ద్వారా తక్కువ అద్దెకు ఇవ్వాలి.

భాస్వరం, సుబ్బారావు గారు

మొక్క అయినా మనిషి అయినా శక్తిని ఖర్చు పెట్టేందుకు చిల్లర నాణెం లాంటి అణువు ఒకటి ఉంది. దాని పేరు ఏటీపీ. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే‌తో కలిసి 1929లో దీన్ని కండరాల నుంచి కనుగొన్నారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నాడు. అంతకుముందు 1925లో ఫిస్కే, సుబ్బారావు ప్రకటించిన భాస్వరాన్ని కొలిచే పద్ధతి నేటికీ ప్రయోగశాలల్లో వారి పేరుతోనే ఉంది.

ఏటీపీలో మూడు భాస్వర ముక్కలు ఆక్సిజన్ ద్వారా వరుసగా కట్టి ఉంటాయి. చివరి ముక్క విడివడి నీటితో కొత్త బంధాలు కట్టుకున్నప్పుడు శక్తి మిగులుతుంది. జీవకణం ఆ శక్తితో పని చేసుకుంటుంది. బుడిపెలోని బ్యాక్టీరియా ఒక్క నత్రజని జంటను విడదీయడానికి కనీసం 16 ఏటీపీలు ఖర్చు పెడుతుంది. పప్పు ధాన్యాలకు భాస్వరం ఎందుకు అవసరమో ఇప్పుడు అర్థమవుతుంది.

డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటుంది. 46 శాతం భాస్వరం ఉందని దాని అర్థం కాదు. అది భాస్వర ఆక్సైడ్ లెక్క. అసలు భాస్వరం 20 శాతమే. 50 కిలోల బస్తాలో 10 కిలోలు. అందులోనూ వేసిన ఏడాది పైరు తీసుకునేది కొంతే. సున్నం ఎక్కువ ఉన్న నేలల్లో కాల్షియం దాన్ని కట్టేస్తుంది, ఆమ్ల గుణం ఉన్న ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం కట్టేస్తాయి. ఏళ్ల తరబడి డీఏపీ వేసిన పొలంలో అలా కట్టుబడిన నిల్వ పేరుకుని ఉండవచ్చు. మట్టి పరీక్ష చేయిస్తే ఏ మేరకు తగ్గించవచ్చో తెలుస్తుంది. దిగుమతుల మీద ఆధారపడిన ఎరువు ఇది. అక్కరలేని బస్తా మానుకుంటే మిగిలేది మన డబ్బే.

ప్రాణం తీసే బంధం

చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ వంటి మందులను ఆర్గానోఫాస్ఫరస్ మందులు అంటారు. ఇక్కడ కూడా ‘ఆర్గానో’ అనే మాట ఉంది. కర్బనం ఉందనే తప్ప మంచిదని దాని అర్థం కాదు. 

మన నరం కండరానికి కబురు పంపేందుకు అసిటైల్ కోలిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. కబురు అందగానే ఒక ఎంజైమ్ దాన్ని తెంచేయాలి. లేకపోతే కబురు ఆగదు. ఈ మందులోని భాస్వరం ఆ ఎంజైమ్‌తో సమయోజనీయ బంధం వేసుకుని దాన్ని పనికి రాకుండా చేస్తుంది. పురుగు చచ్చేది అలాగే. మన ఒంటిలోనూ ఆ ఎంజైమ్ ఉంది. అందుకే పిచికారీ చేసేవారికి చెమటలు, నోట నురగ, కంటిపాప చిన్నదవడం, చూపు మసకబారడం, కండరాలు అదరడం, ఊపిరి అందకపోవడం వంటివి వస్తాయి. తాగకపోయినా చర్మం గుండా ఎక్కుతుంది.

ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఆగని కబురును అణచిపెడుతుంది. పామ్ అనే మరో మందు ఎంజైమ్ మీద పడ్డ బంధాన్ని విడదీస్తుంది. గంటలు గడిచేకొద్దీ ఆ బంధం ముదిరిపోతుంది. తర్వాత పామ్ కూడా దాన్ని విడదీయలేదు. కనుక లక్షణాలు కనిపించగానే పని ఆపి, బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బా చేత పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏ మందో తెలిస్తే వైద్యుడికి సగం పని తగ్గుతుంది. మజ్జిగ తాగిస్తే, నిమ్మరసం ఇస్తే తగ్గుతుందని ఇంటి దగ్గర పోగొట్టుకునే గంట తిరిగి రాదు. పిచికారీ పని చేసేవారిలో ఎక్కువ మంది కూలీలు, కౌలు రైతులు. వారికి చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు ఇచ్చే బాధ్యత పని చేయించుకునేవారి మీద, మందు అమ్మేవారి మీద ఉంది.

మనం చేయవలసింది

మిత్రులారా, ఈ తరగతి నుంచి గ్రామాలకు వెళ్లాక కొన్ని పనులు చేద్దాం. ప్రతి గ్రామ కమిటీ సీజన్ మొదలయ్యే ముందు ఒక సాయంత్రం కూర్చుని, ఊళ్లో అమ్ముడవుతున్న బస్తాల, సీసాల మీద రాసినది చదవాలి. ఎంత శాతం ఏముంది, కిలో పోషకం ఎంతకు పడుతోంది అని లెక్క వేసి బోర్డు మీద రాయాలి. దేనిలో ఏముందో రాయని సీసా కొనవద్దని చెప్పాలి.

ప్రభుత్వాన్ని అడగవలసినవి కూడా ఉన్నాయి. ఎరువులు, పురుగు మందుల మీద వివరాలు చదవగలిగే అక్షరాల్లో తెలుగులో ఉండాలి. యూరియాతో పాటు ఇతర సరుకు అంటగట్టడాన్ని నేరంగా చూడాలి. మండలానికొక మట్టి పరీక్ష కేంద్రం సిబ్బందితో నడవాలి, ఫలితం విత్తనాల ముందే చేతికి రావాలి. ప్రభుత్వ రంగంలోని ఎరువుల కర్మాగారాలకు గ్యాస్ కేటాయింపులో తొలి ప్రాధాన్యం ఇవ్వాలి. కంది, మినుము, పెసర, శనగను మద్దతు ధరకు పూర్తిగా కొనాలి. త్రిబంధాన్ని గ్యాస్ లేకుండా తెంచే పైర్లు అవే. గిట్టుబాటు లేకపోతే వాటిని ఎవరు వేస్తారు? ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అట్రోపిన్, పామ్ నిల్వ ఉండాలి. సీజన్‌లో ఆ నిల్వ ఉందో లేదో మన కమిటీ సభ్యులే వెళ్లి కనుక్కోవాలి.

రసాయనం మీద మనకు ద్వేషం అక్కరలేదు, భక్తీ అక్కరలేదు. లెక్క కావాలి. ఇప్పుడు పది నిమిషాలు విరామం. తర్వాత మీ ఊళ్ల నుంచి తెచ్చిన సీసాలు, ఖాళీ బస్తాలు ముందు పెట్టుకుని ఆ లెక్కను ఇక్కడే మొదలుపెడదాం.